నడిచొచ్చిన దారి – 17 : బాణం గుర్తు



పోయిన భాగంలో హాస్టల్ మెస్ గురించి రాశాను. ఈసారి బోర్డుల గురించి. బోర్డుల గురించి రాయడానికి ఏముంటుంది అంటారేమో. నేను తిన్న అన్నంలో సగం బోర్డులు రాసి తిన్నదే. అందుకని కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

1996లో పీజీ సీటొచ్చి యూనివర్సిటీకి వెళ్ళిన రోజు మా అమ్మ నాతో వచ్చింది. రేకు పెట్టె ఒకటి, చాప ఒకటి, పచ్చడి సీసా ఒకటి. బస్సు మెయిన్ గేటు దగ్గర దింపేసి పోయింది. గేటు చాలా పెద్దది. పైన యూనివర్సిటీ పేరు, దాని కింద సంస్కృతంలో ఏదో వాక్యం. లోపలికి అడుగుపెట్టాక ఇక ఏ బోర్డూ లేదు. రోడ్డు మూడుగా చీలిపోయి ఉంది. మూడు వైపులా చెట్లే.

స్కూటర్ మీద వస్తున్న ఒకాయన్ని ఆపి, "సార్, అడ్మిషన్లు ఎక్కడండీ?" అని అడిగాను. ఆయన కాలు కింద పెట్టి మా అమ్మని చూశాడు, పెట్టెని చూశాడు. "ఏ ఊరు?" చెప్పాను. "ఎవరి తాలూకా?" మా నాన్న పేరు చెప్పాను. "ఇంటిపేరు?" అదీ చెప్పాను. దాంతో తేలలేదు ఆయనకి. "మీ ఇల్లు ఊళ్ళోనా, అవతలా?" అవతల అన్నాను. "ఓహో" అని, "ఇట్లా నేరుగా పో" అంటూ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

నేరుగా పోయాం. చివర గెస్ట్‌హౌస్ వచ్చింది. ఎండలో పెట్టె మోసుకుంటూ మళ్ళీ వెనక్కి. కౌంటర్ మూసే వేళకి చేరాం. ఆయన కావాలనే తప్పు చెప్పాడో, ఆయనకే తెలియదో నాకిప్పటికీ తెలియదు. తప్పు దారి మీద నాకు పెద్ద కోపం లేదు. దారి చెప్పడానికి ముందు అడిగిన ప్రశ్నలు మాత్రం మర్చిపోలేదు.

బాబాసాహెబ్ రాసుకున్న మసూర్ స్టేషన్ సంగతి మీలో చాలామందికి తెలుసు. 1901లో, పిల్లలు కొత్త బట్టలు వేసుకుని తండ్రి దగ్గరికి బయల్దేరారు. స్టేషన్‌లో దిగితే తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టర్ ముందు మర్యాదగానే మాట్లాడాడు. ఎవరు మీరు అని అడిగాడు. మహర్లం అని చెప్పగానే ముఖం మారిపోయింది. బండివాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు డబ్బులిచ్చి, బండి పిల్లలే తోలుకునేటట్టు, బండివాడు పక్కన నడిచేటట్టు ఒప్పందం. నేను ఆ పుస్తకం మొదటిసారి చదివినప్పుడు అందరూ మాట్లాడే నీళ్ళ సంగతి దగ్గర కాదు, ఈ స్టేషన్ దగ్గర ఆగిపోయాను. దారి అడగడం అంటే మిగతావాళ్ళకి ఒక మాట. మనకి అది ముందు కుల సర్టిఫికెట్ చూపించి తర్వాత జవాబు తీసుకోవడం.

బోర్డు ఎవరినీ ఏమీ అడగదు. నాకు బోర్డుల మీద ఉన్న పిచ్చి అక్కడ మొదలైంది.

నిజానికి అంతకుముందే మొదలైంది. మా ఊరి సెంటర్లో రోడ్లు భవనాల శాఖ వాళ్ళ బోర్డు ఉండేది. ఊరి పేరు, పక్క ఊళ్ళ పేర్లు, కిలోమీటర్లు. మా పల్లె అక్కడికి అరకిలోమీటరు. దానికి ఏ బోర్డూ లేదు. పల్లెకి చుట్టం వస్తే సెంటర్లో అడగాలి, అడిగితే వంద ప్రశ్నలు. ఎరువుల కంపెనీల గోడలూ, ఎలక్షన్ గుర్తులూ రాసే ఒక ఆర్టిస్టు దగ్గర నేను టెన్త్ సెలవుల్లో పనికి కుదిరాను. సున్నంలో ముంచిన దారం లాగి కొట్టి గీత వేయడం, ఎనామిల్‌లో టర్పెంటు ఎంత కలపాలి, బ్రష్ ఎంత వాల్చాలి, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నా. నేను సొంతంగా రాసిన మొదటి బోర్డు పాత రేకు మీద. "అంబేడ్కర్ నగర్", కింద బాణం. సెంటర్లో కరెంటు స్తంభానికి కట్టాం. మూడో రోజు కాలవలో ఉంది. తీసి మళ్ళీ కట్టాం. ఈసారి బాణం వంచేసి ఊరి బయటికి, శ్మశానం వైపుకి తిప్పారు. దాంతో కుర్రాళ్ళు చందాలేసుకుని సిమెంటు దిమ్మ కట్టించారు. అది ఇప్పటికీ ఉంది. రంగు నేనే వేస్తుంటాను, ఏప్రిల్ 14కి ముందు.

పీజీలో ఉన్నప్పుడు కూడా షాపుల బోర్డులు రాసి ఫీజు కట్టుకున్నా. తర్వాత ఫ్లెక్స్ వచ్చి బ్రష్ పనివాళ్ళందరినీ రోడ్డున పడేసింది. నేను అప్పోసప్పో చేసి ఒక మిషన్ పెట్టుకున్నా. ఆ కథ వేరే భాగంలో.

కొన్నేళ్ళ కిందట అదే యూనివర్సిటీ వాళ్ళు క్యాంపస్ అంతా కొత్త బోర్డులు పెట్టాలనుకున్నారు. న్యాక్ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. మన దేశంలో యూనివర్సిటీలకి సున్నాలూ బోర్డులూ గుర్తొచ్చేది అప్పుడే కదా. కమిటీలో ఉన్న మన ప్రొఫెసర్ ఒకాయన, బోర్డుల పని తెలిసినవాడు, పాత విద్యార్థి అని నా పేరు ఇరికించారు. పేరు రాయను, ఆయన ఇంకా సర్వీసులో ఉన్నారు. యూనివర్సిటీ పేరూ రాయను.

మొదటి మీటింగుకి పెద్ద నగరం నుంచి ఒక డిజైన్ ఏజెన్సీ వచ్చింది. స్లైడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. ముదురు గోధుమరంగు పలకలు, బంగారు రంగు అక్షరాలు, అన్నీ ఇంగ్లీషులో. మ్యాపు చూశాను. దారులన్నీ మెయిన్ గేటు దగ్గర మొదలై అడ్మినిస్ట్రేషన్ బిల్డింగు, ఆడిటోరియం, గెస్ట్‌హౌస్, వీసీ బంగళా దగ్గర ఆగిపోతున్నాయి. వెనక గేటు మ్యాపులోనే లేదు. ఆర్టీసీ బస్సులు ఆగేది ఆ గేటు దగ్గరే. స్వీపర్లు, మెస్ వర్కర్లు, డే స్కాలర్లు వచ్చేది అక్కణ్ణుంచే. గేటు అవతల బస్తీ ఉంది. మ్యాపు మీద ఆ మూలంతా ఆకుపచ్చ రంగు పూసి చెట్టు బొమ్మలు పెట్టారు.

"సార్, ఇక్కడ దారి తప్పేది ఎవరు?" అని అడిగాను. విజిటర్లు అన్నారు. గెస్ట్‌హౌస్‌కి వచ్చే విజిటర్ దారి తప్పడు. ఆయనకి కారుంటుంది, డ్రైవర్ ఉంటాడు, గేటు దగ్గర పువ్వులు పట్టుకుని మనిషి ఉంటాడు. అదే మాట చెప్పాను. కొంచెం ఘాటుగానే చెప్పినట్టున్నాను, మన ప్రొఫెసర్ గారు బల్ల కింద నా కాలు తొక్కారు.

తర్వాత కొంతమంది స్టూడెంట్లతో కలిసి అడ్మిషన్ల రోజుల్లో రెండు గేట్ల దగ్గరా కూర్చున్నాం. జనం ఏం అడుగుతున్నారో నోట్‌బుక్కులో రాసుకోవడమే పని. గెస్ట్‌హౌస్ అడిగినవాళ్ళు దాదాపు లేరు. స్కాలర్‌షిప్ సెక్షన్, ఎగ్జామ్ బ్రాంచ్, బ్యాంకు, జిరాక్స్, లేడీస్ హాస్టల్, హెల్త్ సెంటర్, టాయిలెట్. టాయిలెట్ మగవాళ్ళు అడిగారు. ఆడవాళ్ళు అడగలేదు, చుట్టూ చూసుకున్నారు. ఆ చూసుకోవడాన్ని కూడా రాసుకోమని మాలో ఉన్న చెల్లెలు పట్టుబట్టింది. నాకు తట్టేది కాదు.

ఇంకో సంగతి. జవాబులన్నీ చెబుతున్నది సెక్యూరిటీ గార్డులు. వాళ్ళు బిల్డింగుల పేర్లతో చెప్పరు. "ఎర్ర నీళ్ళ ట్యాంకు కనిపిస్తది, దాని కాడ ఎడం పక్క", "మర్రిచెట్టు దాటినాక గోడెంబడి పో". కెవిన్ లించ్ అనే అమెరికా ప్లానర్ 1960లో నగరాల మీద ఒక పుస్తకం రాశాడు. జనం తమ బుర్రలో ఊరిని అయిదు ముక్కలుగా గుర్తుపెట్టుకుంటారంటాడు: దారులు, అంచులు, వాడలు, కూడళ్ళు, ఎత్తైన గుర్తులు. ప్రపంచమంతా డిజైన్ కాలేజీల్లో అదే పాఠం. మా అమ్మ కూడా పొలానికి అలాగే పోతుంది. ఇక అంచుల గురించయితే మనకి లించ్ చెప్పక్కర్లేదు.

అందుకని బోర్డు మీద బిల్డింగు పేరు ఒక్కటే చాలదు, గార్డు చెప్పే గుర్తు కూడా మ్యాపులో ఉండాలన్నాం. నీళ్ళ ట్యాంకు, మర్రిచెట్టు, క్యాంటీన్ బొమ్మలుగా. ఏజెన్సీ కుర్రాడు, మంచివాడే, ఒప్పుకున్నాడు. అతనే మెక్సికో సిటీ మెట్రో గురించి చెప్పాడు. 1969లో మొదలైనప్పుడు లాన్స్ వైమన్ అనే డిజైనర్ ప్రతి స్టేషన్‌కీ ఒక బొమ్మ గీశాడట. చదువు రానివాళ్ళు కూడా బొమ్మ చూసి దిగేవాళ్ళు. నేను మా అమ్మ గురించి చెప్పాను. హాస్టళ్ళకి పేరుతోపాటు ఒక్కో రంగు పట్టీ, ఒక్కో బొమ్మ పెట్టడం అలా ఖాయమైంది.

అతని స్లైడ్లలోనే బ్రిటన్ రోడ్డు గుర్తుల కథ కూడా ఉంది. అక్కడ స్కూలు దగ్గర పెట్టే పాత గుర్తులో టోపీ పెట్టుకున్న గ్రామర్ స్కూలు పిల్లాడు అమ్మాయిని నడిపిస్తూ ఉండేవాడు. 1960లలో మార్గరెట్ కాల్వర్ట్ దాన్ని తిప్పేసింది. అమ్మాయే చిన్న పిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తుంది. టోపీ తీసేసింది, ఎందుకంటే అది పైవర్గం స్కూళ్ళ వాసన కొడుతోంది. చూడండి, ఒక టోపీ. మన బోర్డుల్లో ఎన్ని టోపీలున్నాయో ఎవడన్నా లెక్కపెట్టాడా?

తెలుగు దగ్గర అసలు గొడవ అయింది. తెలుగు పెట్టాలంటే అందరూ తలూపారు. ఏ తెలుగు అన్నదే ప్రశ్న. తర్జుమా చేయించిన లిస్టు వచ్చింది. "పరీక్షల నియంత్రణాధికారి వారి కార్యాలయము". "ఉపకార వేతనముల విభాగము". "శౌచాలయము". వెనక గేటు దగ్గర ఒక్కరంటే ఒక్కరు ఉపకార వేతనముల విభాగం ఎక్కడని అడగలేదు. స్కాలర్‌షిప్ అనే అడిగారు, చదువురాని తల్లిదండ్రులతో సహా. తెలుగు శాఖ పెద్దాయన, "భాషని దిగజార్చకండి" అన్నారు. ఆయన మాట మీద నాకు గౌరవం లేకపోలేదు, కానీ అర్థంకాని ఇంగ్లీషు తీసేసి అర్థంకాని తెలుగు పెడితే ఒక గోడ పడగొట్టి ఇంకో గోడ కట్టినట్టే. చివరికి "ఎగ్జామ్ బ్రాంచ్", "స్కాలర్‌షిప్ సెక్షన్" అని తెలుగు లిపిలోనే రాయాలని తేలింది. టాయిలెట్‌కి బొమ్మ చాలు.

అక్షరం సైజు సంగతి మా వృత్తి విషయం, కొంచెం చెప్పనివ్వండి. ఇంగ్లీషు బోర్డులకి ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. తెలుగుకి అది చాలదు. "స్త్రీ" అనే అక్షరాన్నే చూడండి. స కింద త వత్తు, దానికి తోడు ర వత్తు, పైన గుడిదీర్ఘం. ఇంగ్లీషు అక్షరం ఎత్తులోనే దీన్ని కుక్కితే అసలు అక్షరం చింతగింజంత అవుతుంది. పకీ షకీ తేడా ఒక చిన్న గీత. థకి పొట్టలో చుక్క ఉంటుంది, ధకి ఉండదు. దూరం నుంచి అన్నీ గుండ్రంగా ఒకేలా కనిపిస్తాయి. ఏజెన్సీ కంప్యూటర్లో రెండు భాషలకీ ఒకే సైజు నంబరు కొట్టేసి, "ఈక్వల్ ఇచ్చాం సార్" అన్నారు. నంబరు ఈక్వలే. చదివేవాడికి కాదు. రిజర్వేషన్ల మీద వాదించేటప్పుడు మనం చెప్పేది ఇదే కదా అనిపించి నవ్వొచ్చింది. తెలుగు ముక్కలు మూడు సైజుల్లో ప్రింటు తీసి, రోడ్డుకి అవతల నిలబెట్టి, మీటింగులో ఉన్నవాళ్ళందరినీ బయటికి తీసుకెళ్ళి చదవమన్నాను. అందరికీ యాభై దాటాయి. పెద్ద సైజు పాసైపోయింది.

మూడు చక్రాల బండి మీద తిరిగే మన మిత్రుడొకడు బోర్డుల మ్యాపు చూసి, "బాణం కరెక్టేరా, కానీ అది నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్తోంది" అన్నాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఫైలు పైన ఉంది, దాని కిందే ఈ మ్యాపు తయారైంది. ర్యాంపు ఉన్న దారికి వేరే బాణం చేర్చారు. కొన్నిచోట్ల ర్యాంపే లేదు కాబట్టి బాణం కూడా లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎస్సీ ఎస్టీ సెల్.

యూజీసీ ఎప్పటినుంచో ఈ సెల్ పెట్టమంటూనే ఉంది. 2012లో అయితే వివక్ష మీద రెగ్యులేషన్లే తెచ్చింది. మా యూనివర్సిటీలోనూ సెల్ ఉంది. పాత బిల్డింగు వెనక, స్టోర్ రూమ్ పక్క నుంచి మెట్లెక్కితే రెండో అంతస్తులో. నేను అక్కడ చదివినన్నాళ్ళూ నాకది కనిపించలేదు. కొత్త బోర్డుల లిస్టులో దాని పేరు లేదు. అడిగితే ఒకాయన, "ప్రత్యేకంగా బాణం ఎందుకండీ, విద్యార్థుల మధ్య విభజన వస్తుంది" అన్నాడు. హాస్టల్‌కి జనం పెట్టిన పేరు ఏమిటో ఆయనకి తెలుసు. ఆ పేరు ఇక్కడ రాయను. దానికి ఏ బోర్డూ అక్కర్లేకుండానే క్యాంపస్ అంతా దారి తెలుసు.

నేను రెచ్చిపోయాను. మరాఠ్వాడా గురించి చెప్పాను. 1978 జులైలో ఆ యూనివర్సిటీకి అంబేడ్కర్ పేరు పెట్టాలని మహారాష్ట్ర శాసనసభ తీర్మానం చేస్తే దళితవాడలు తగలబెట్టారు. ఆ పేరు బోర్డెక్కింది 1994 జనవరి 14న. ఒక బోర్డు రాయడానికి పదిహేనున్నరేళ్ళు. మన దగ్గర 2022 మేలో కోనసీమ జిల్లా పేరు ముందు అంబేడ్కర్ చేరుస్తామంటే అమలాపురం తగలబడింది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టళ్ళలోంచి వెలివేస్తే రోహిత్, మిగతా నలుగురూ ఆరుబయట బాబాసాహెబ్ ఫొటోలు పెట్టుకుని, ఆ చోటుకి "వెలివాడ" అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. "పేరూ బాణమూ మీకు డెకరేషన్, మాకు కాదు" అని గట్టిగా అన్నాను. మెయిన్ గేటు దగ్గర మొదటి బోర్డు మీదే ఎస్సీ ఎస్టీ సెల్ అని పెద్దక్షరాలతో ఉండాలి, అంతే, అన్నాను. బయటికొచ్చాక మనవాళ్ళు భుజం తట్టారు.

ఆ సాయంత్రం క్యాంటీన్ దగ్గర, మాతో గేటు దగ్గర కూర్చున్న ఆ చెల్లెలు వచ్చింది. ఫస్టియర్. "అన్నా, ఒక మాట అననా? కోప్పడొద్దు" అంది. "ఆ బాణం వెంట నడిచేది ఎవరు?"

నాకు అర్థం కాలేదు.

"నా క్లాసులో నా కులం ఇద్దరికే తెలుసన్నా. ల్యాబులో సార్ మీద కంప్లయింట్ ఇవ్వాలని రెండుసార్లు ఆ మెట్ల దాకా పోయి తిరిగొచ్చాను. ఆ మెట్లు ఇంకెక్కడికీ పోవు. ఎక్కితే ఎందుకు ఎక్కానో కింద ఉన్న అందరికీ తెలిసిపోద్ది. మీరు గేటు కాణ్ణుంచి బాణం పెడితే, నేను గేటు కాణ్ణుంచే అందరికీ కనపడతాను."

కాసేపు నేనేమీ మాట్లాడలేదు. ఇన్నేళ్ళు బోర్డు ఎవరినీ ఏమీ అడగదని అనుకుంటూ వచ్చినవాణ్ణి. బోర్డు చూపించే చోటు ఒంటరిగా విసిరేసినట్టు ఉంటే, బోర్డు కూడా స్కూటర్ ఆయనలాగా అడుగుతుంది. మీటింగులో చప్పట్లు కొట్టించుకునే మాట నాది. ఆ మెట్లు ఎక్కాల్సింది ఆ పిల్ల.

"మరేం చేద్దాం?" అని అడిగాను. ఆమె ముందే ఆలోచించుకుని వచ్చింది. స్కాలర్‌షిప్ సెక్షన్, బస్ పాస్ కౌంటర్, హాస్టల్ ఆఫీసు, కౌన్సెలింగ్, మహిళా సెల్, ఎస్సీ ఎస్టీ సెల్ అన్నీ ఒకే బిల్డింగులో, కింది అంతస్తులో పెట్టాలి. బయట ఒకటే బోర్డు: "స్టూడెంట్ సర్వీసెస్". గేటు నుంచి బాణాలన్నీ దానికే. లోపల గోడ మీద అన్నిటి పేర్లూ ఒకే సైజులో, సెల్ పేరుతో సహా. బస్ పాస్ కోసం వచ్చినవాళ్ళూ, కంప్లయింట్ ఇవ్వడానికి వచ్చినవాళ్ళూ ఒకే గుమ్మంలోంచి లోపలికి పోతారు.

పక్క మీటింగులో నా మాట నేనే వెనక్కి తీసుకున్నాను. మనవాళ్ళలో ఇద్దరు ముగ్గురికి ఇప్పటికీ నా మీద కోపం. దాక్కోవాలంటున్నావా అని అడిగారు. ఎవరు ఎప్పుడు బయటపడాలో వాళ్ళే తేల్చుకోవాలి, మన బాణం తేల్చకూడదు అన్నాను. ఈ వాదన మా మధ్య తెగలేదు. ఇది చదివేవాళ్ళలో కూడా తెగదు, తెలుసు.

ఏం జరిగిందో చెబుతాను. బోర్డులు వచ్చాయి. తెలుగు పెద్దగానే ఉంది. వెనక గేటు దగ్గర కూడా మ్యాపు పెట్టారు. ఆ మ్యాపులో నిలబడినవాడి ఎదురుగా ఉన్నది పైకి ఉంటుంది, ఉత్తరం కాదు. దీనికోసం కూడా ఒక పూట వాదించాను. ఆఫీసుల మార్పు మాత్రం సగమే అయింది. స్కాలర్‌షిప్, బస్ పాస్, హాస్టల్ ఆఫీసు కింది అంతస్తుకి వచ్చాయి. సెల్‌కి గది చూపించారు, తాళం ఇవ్వడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదంతా లోపలి గోడ మీద దాని పేరు ఉంది, గది లేదు. ఎప్పుడూ దీనికి తిరగబడే కథే చూసేవాళ్ళం.

ఆ చెల్లెలు కంప్లయింట్ ఇచ్చింది. దాని ఫలితం ఆమె చెప్పుకోవాల్సిన సంగతి, నాది కాదు.

ఇంకో తలనొప్పి: ఏజెన్సీ బిల్లు తీసుకుని పోయింది. ఆఫీసులు మాత్రం ఏటా మారుతూనే ఉంటాయి. పేరు పట్టీలు విడివిడిగా ఊడదీసి మార్చుకునేటట్టు చేయమని నెత్తీనోరూ కొట్టుకున్నా, కొన్నింటికే చేశారు. ఎగ్జామ్ బ్రాంచ్ వేరే చోటికి పోయిన తర్వాత కూడా చాలా రోజులు బాణం పాత బిల్డింగునే చూపించింది. గార్డు ఒకాయన దాని మీద కాగితం అంటించి స్కెచ్ పెన్నుతో బాణం గీశాడు. క్యాంపస్‌లో అన్నిటికంటే నిజం చెప్పిన బోర్డు అదే.

పోయిన ఆగస్టులో పని మీద అటు వెళ్ళాను. వెనక గేటు దగ్గర టీ తాగుతుంటే ఆర్టీసీ బస్సు ఆగింది. ఒక కుర్రాడు, వాళ్ళమ్మ దిగారు. రేకు పెట్టెలు పోయి ట్రాలీ బ్యాగులొచ్చాయి, చక్రం ఒకటి ఊడిపోయి ఉంది. ఇద్దరూ మ్యాపు ముందు నిలబడ్డారు. కుర్రాడు తెలుగు పేర్లు పైకి చదువుతున్నాడు. ఆమె నీళ్ళ ట్యాంకు బొమ్మ మీద వేలు పెట్టి, తల పైకెత్తి అసలు ట్యాంకుని చూసి, "అదిగో, అటే పోదాం పద నాయనా" అంది. నేను దారి చెప్పడానికి గ్లాసు కింద పెట్టి లేచాను కూడా. వాళ్ళు నా వైపు చూడనే లేదు. బ్యాగు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఏ ఊరివాళ్ళో, ఎవరి తాలూకానో నాకు తెలియదు.

వచ్చే భాగంలో లైబ్రరీలో రాత్రుళ్ళ గురించి రాస్తాను. అందాకా, మీ క్యాంపస్‌లో సెల్ ఎక్కడుందో ఒకసారి నడిచి చూసి రండి.

జై భీమ్.